హెచ్‌ఐవీ వాళ్లని, బీపీ-షుగర్ వాళ్లని ఒకే క్లినిక్‌లో చూడమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

డ్యూటీ_సిస్టర్

అందరికీ నమస్తే. మాది చిన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. డాక్టరు గారు వారంలో కొన్ని రోజులే వస్తారు. మిగతా రోజులు నర్సులం, ఒక కౌన్సెలరు, ఒక ఫార్మసిస్టు, అంతే. ఇన్నాళ్లూ హెచ్‌ఐవీ క్లినిక్ ఒక రోజు, బీపీ-షుగర్ క్లినిక్ ఇంకో రోజు. గది వేరు, ఫైలు వేరు, రిజిస్టరు వేరు, ఆఖరికి బరువు చూసే మిషను కూడా వేరే. ఇప్పుడు రెండూ కలిపేసి దీర్ఘకాలిక జబ్బుల క్లినిక్ అని ఒక్కటే నడపమంటున్నారు.

కలపడం మంచిదేనని నాకూ అనిపిస్తోంది. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు వాడుతూ హాయిగా బతుకుతున్నవాళ్లకి వయసు మీద పడుతోంది, బీపీలూ షుగర్లూ వస్తున్నాయి. ఒకే మనిషి రెండు జబ్బులకి రెండు రోజులు పని మానుకుని రావాల్సి వస్తోంది. కానీ రెండు భయాలున్నాయి. ఒకటి, గుట్టు బయటపడుతుందేమో. రెండోది, ఇంత కష్టపడి నిలబెట్టిన హెచ్‌ఐవీ పని బీపీ రద్దీలో కొట్టుకుపోతుందేమో. చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. ఉపన్యాసాలొద్దు. వరుస ఎలా పెట్టారు, ఫైలు ఎలా పెట్టారు, అలాంటివి కావాలి.

కేప్_డాక్టర్

సిస్టర్ గారూ, నేను దక్షిణాఫ్రికాలో ప్రభుత్వ క్లినిక్కుల్లో పనిచేశాను. అక్కడ ఇది 2011లోనే మొదలైంది. గౌటెంగ్, ఎంపుమలాంగా, నార్త్‌వెస్ట్ రాష్ట్రాల్లో కొన్ని క్లినిక్కుల్లో ముందు పెట్టి చూశారు.

పద్ధతి ఇది. క్లినిక్‌కి వచ్చేవాళ్లని జబ్బు పేరుతో విడదీయరు. ఈరోజే జ్వరమో దెబ్బో తగిలి వచ్చినవాళ్లు ఒక దారి, తల్లీబిడ్డల పరీక్షలూ టీకాలూ ఒక దారి, నెలనెలా మందులు కావాల్సినవాళ్లంతా ఒక దారి. ఆ మూడో దారిలో హెచ్‌ఐవీ, బీపీ, షుగర్, ఆస్తమా, మూర్ఛ, మానసిక జబ్బులు అన్నీ ఒక్కటే. రేపు ఎవరు రావాలో వాళ్ల ఫైళ్లు ఈరోజే తీసి పెడతారు. వచ్చీ రాగానే బరువు, బీపీ, అవసరమైతే షుగర్. తర్వాత ఒకే నర్సు మొత్తం చూస్తుంది. మందుల ప్యాకెట్టు ముందే కట్టి ఉంటుంది.

కాగితం మీద చాలా అందంగా ఉంటుంది. కింద జరిగింది వేరు. బుష్‌బక్‌రిడ్జ్ ప్రాంతంలో దీని మీద లోతుగా పరిశీలించారు. బీపీ మిషన్లు పనిచేయడం లేదు, బీపీ మందులు మధ్యమధ్యలో అయిపోతున్నాయి, నర్సులు చాలడం లేదు, గంటల తరబడి కూర్చోవాల్సి వస్తోంది. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్య కొంచెమే పెరిగింది. అంటే ఒకే బెంచీ మీద కూర్చోబెట్టినంత మాత్రాన బీపీ దిగదు. మీరు మొదలుపెట్టే ముందే ఇది తెలిసి ఉంటే మంచిది.

అడ్డు_ప్రశ్న

మరి ఇంత తెలిసీ ఎందుకండీ కలపడం? హెచ్‌ఐవీ క్లినిక్ బాగా నడుస్తుంటే దాన్ని అలాగే ఉంచి, బీపీ క్లినిక్‌ని బాగుచేసుకోవచ్చుగా. బాగున్నదాన్ని బాగోలేనిదానితో కలిపితే రెండూ సగం సగం అవుతాయి. పైనుంచి ఆర్డరు వచ్చిందంటే దాని వెనక ఒకటే కారణం, ఖర్చు తగ్గించుకోవడం. దానికి 'సమగ్ర సేవలు' అని పేరు.

డేటా_డెస్క్

అడ్డు_ప్రశ్న గారి భయం న్యాయమైనదే. అందుకే దాన్ని నేరుగా పరీక్షించారు కూడా. ఇంటె-ఆఫ్రికా అనే ట్రయల్, ఉగాండా, టాంజానియాల్లో 32 ఆరోగ్య కేంద్రాల్లో. సగం చోట్ల హెచ్‌ఐవీ, బీపీ, షుగర్ వాళ్లందరికీ ఒకే వెయిటింగ్ హాలు, ఒకే నర్సులు, ఒకే ఫార్మసీ, ఒకే రకం రికార్డు. మిగతా సగంలో పాత పద్ధతి, వేరు వేరుగా. ఫలితాలు 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి.

ఏడాది తర్వాత చూస్తే హెచ్‌ఐవీ వాళ్లలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) అదుపులో ఉన్నవాళ్లు రెండు వైపులా సుమారు 97 శాతం. కలపడం వల్ల హెచ్‌ఐవీ వైపు నష్టమేమీ జరగలేదు. బీపీ, షుగర్ వాళ్లలో చికిత్సలో నిలిచి ఉన్నవాళ్లు కలిపిన చోట సుమారు 89 శాతం, విడిగా ఉన్నచోట సుమారు 87. తేడా పెద్దదేం కాదు.

ఒక్క మాట. ట్రయల్ అంటే పరిశోధకుల కళ్లన్నీ దాని మీదే ఉంటాయి. మామూలు క్లినిక్‌లో అంత పట్టింపు ఉండదు. కాబట్టి 'కలిపితే బాగుపడుతుంది' అని దీన్నుంచి చదవకండి. 'జాగ్రత్తగా కలిపితే చెడిపోదు' అని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు.

మాత్రల_లెక్క

నేను ఫార్మసీ కిటికీ వెనక కూర్చునేవాణ్ణి. మీరంతా వరుసల గురించి మాట్లాడుతున్నారు. అసలు కథ నా అల్మరాలో ఉంది.

హెచ్‌ఐవీ మందులు ఒక దారిలో వస్తాయి. గ్లోబల్ ఫండ్ అనే అంతర్జాతీయ నిధి 2002లో, అమెరికా హెచ్‌ఐవీ సాయ పథకం పెప్‌ఫార్ 2003లో మొదలయ్యాక పేద దేశాల్లో ఆ మందుల కోసం ప్రత్యేకంగా ఒక సరఫరా వ్యవస్థే కట్టారు. ఎంతమంది, ఎవరికి ఏ మందు, ఇంకా ఎన్ని నెలల నిల్వ ఉంది, అన్నీ లెక్క. నిల్వ తగ్గితే పైనుంచి ఫోన్లు వస్తాయి. టీఎల్‌డీ (మూడు హెచ్‌ఐవీ మందులు కలిసిన ఒకే మాత్ర) డబ్బాలో 90 మాత్రలుంటాయి, మూడు నెలలకి ఒకటి చేతిలో పెడతాను. బాగున్నవాళ్లకి ఆర్నెల్లకి కూడా ఇస్తున్నారు చాలా దేశాల్లో.

అదే మనిషి అమ్లోడిపిన్ అనే బీపీ మాత్రకి చీటీ చూపిస్తే? పదిహేను రోజులకి ఇచ్చి, 'మళ్లీ రండి, స్టాకు వస్తే ఇస్తా' అంటాను. ఎందుకంటే ఆ మందు క్లినిక్ మామూలు బడ్జెట్లోంచి వస్తుంది. అయిపోతే ఎవరూ ఫోను చేయరు.

ఇప్పుడు ఈ రెండు జబ్బుల్నీ కలిపామనుకోండి. హెచ్‌ఐవీకి మూడు నెలలకోసారి వచ్చే మనిషి బీపీ మాత్ర కోసం నెలకి రెండుసార్లు నా కిటికీ దగ్గరికి రావాలి. గది ఒక్కటైంది, నర్సు ఒక్కరే అయ్యారు, మనిషి తిరుగుడు మాత్రం తగ్గలేదు. సిస్టర్ గారూ, మీరు కలిపే ముందు చేయాల్సిన మొదటి పని ఇదే: బీపీ, షుగర్ మందులు కూడా ఏఆర్‌టీ మందులతో సమానంగా అన్ని నెలలకి ఇవ్వగలరా? ఇవ్వలేకపోతే ఇవ్వగలిగేదాకా గదులు కలపొద్దు. గోడ కూలగొట్టడం తేలికే.

కేప్_డాక్టర్

మాత్రల_లెక్క గారికి రెండు చేతులా నమస్కారం. పదేళ్ల పాలసీ పత్రాలు చదివినా ఇంత సూటిగా దొరకదు.

అడ్డు_ప్రశ్న

ఇదే నేను చెప్తున్నది కూడా. హెచ్‌ఐవీ పని బాగుండటానికి కారణం వాళ్ల నర్సులు మంచివాళ్లు, బీపీ నర్సులు చెడ్డవాళ్లు అని కాదు. డబ్బు, మందు, లెక్క అటు ఉన్నాయి.

డ్యూటీ_సిస్టర్

మాత్రల_లెక్క అన్నా, మీరన్నది మా ఫార్మసిస్టుకి చదివి వినిపించాను. నవ్వి, 'ఇది నేనే రాశానేమో' అన్నాడు. అమ్లోడిపిన్ ఆయన కూడా అలాగే చీల్చి చీల్చి ఇస్తున్నాడు, స్ట్రిప్పు మధ్యలోకి కత్తెర పెట్టి. అప్పుడు గడువు తేదీ ముద్రించిన ముక్క ఒకరికి, పేరున్న ముక్క ఇంకొకరికి పోతుంది. దీనికి ఏదైనా దారి ఉందా?

మాత్రల_లెక్క

కత్తెర మానేయమనండి ముందు. ఏ మాత్రో తెలియకుండా ఇంటికి తీసుకెళ్లి ఎలా వేసుకుంటారు?

దారి అంటే ఒకటే, లెక్క. ఏఆర్‌టీకి ఎలా లెక్కేస్తారో అలాగే. మీ దగ్గర బీపీకి నమోదైనవాళ్లు ఎందరు, ఒక్కొక్కరికి ఏ మందు, ఏ డోసు, నెలకి ఎన్ని మాత్రలు. దాని మీద కనీసం ఒకటి రెండు నెలల అదనపు నిల్వ కలిపి ఇండెంటు పెట్టమనండి. మామూలుగా ఏం చేస్తారంటే పోయిన నెల ఎంత ఇచ్చామో అంతే అడుగుతారు. పోయిన నెల స్టాకే లేక తక్కువ ఇచ్చాం కాబట్టి ఈ నెలా తక్కువే అడుగుతాం, తక్కువే వస్తుంది. ఈ చక్రం తెగకపోతే ఏ కలయికా నిలవదు.

ఇంకొకటి, మందుల రకాలు తగ్గించండి. నలుగురు డాక్టర్లు నాలుగు రకాల బీపీ మాత్రలు రాస్తే నా అల్మరాలో ఏదీ సరిపడా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెచ్చిన హార్ట్స్ పద్ధతిలో ప్రధాన విషయాల్లో ఒకటి ఇదే. అందరికీ ఒకే మెట్ల వరుస. మొదట ఈ మందు ఈ డోసు, దిగకపోతే ఇది, ఇంకా దిగకపోతే ఇది. హెచ్‌ఐవీలో అందరికీ టీఎల్‌డీ అన్నట్టు. అందుకే కదా అక్కడ లెక్క తేలిగ్గా కుదిరింది.

రోజూ_ఒకటి

నేను డాక్టరునీ కాదు, నర్సునీ కాదు. ఏఆర్‌టీ మీద ఉన్నాను. బీపీ కూడా ఉంది. చాలాకాలంగా ఇక్కడ చదువుతూ ఉంటాను కానీ రాయను. గుట్టు గురించి సిస్టర్ గారు అడిగారు కాబట్టి రాస్తున్నా.

మీరు గదులు వేరుగా పెట్టి మా గుట్టు కాపాడుతున్నామనుకుంటున్నారు. ఆ గదిలోకి వెళ్లడమే మా గుట్టు బయటపడటం. ఫలానా రోజు ఫలానా తలుపు ముందు నిలబడ్డవాళ్లెవరో అందరికీ తెలుసు. నేను ముఖానికి గుడ్డ కట్టుకుని వెళ్లేవాణ్ణి. పక్క బెంచీలో తెలిసినవాళ్లు కనబడితే ఆ రోజు మందు తీసుకోకుండా వెనక్కి వచ్చేవాణ్ణి. అలాంటప్పుడే మాత్రలు మధ్యలో ఆగిపోతాయి.

తర్వాత నేను మారిన క్లినిక్‌లో అందరూ కలిసే కూర్చుంటారు. పక్కనున్న పెద్దాయన 'నీకేంటి బాబూ' అని అడిగితే 'బీపీ అండీ' అన్నాను. అబద్ధం కూడా కాదు. ఆయన తన షుగర్ గురించి గంటసేపు చెప్పాడు. నాకు చాలా హాయిగా అనిపించింది.

కానీ కలిపేటప్పుడు చిన్న చిన్నవి చూసుకోండి. ఆ క్లినిక్‌లోనే మొదట్లో హెచ్‌ఐవీ వాళ్ల ఫైలు అట్ట రంగు మార్చలేదు. అందరివీ ఒక రంగు, మావి ఇంకో రంగు. కలిసి కూర్చున్నా చేతిలో ఫైలు చూస్తే చాలు. ఇంకొకటి డబ్బా. టీఎల్‌డీ డబ్బా సంచిలో గలగలమంటుంది. చాలామంది బయటికి వెళ్లగానే లేబుల్ గీకేసి, మాత్రలు వేరే సీసాలో పోసుకుంటారు. బీపీ వాళ్లకి కాగితం కవర్లో ఇచ్చి మాకు మాత్రం ప్లాస్టిక్ డబ్బా ఇస్తే ఇంక కలిపిందేంటి? అందరికీ ఒకేలాంటి మూతికట్టిన సంచిలో ఇవ్వండి.

ఇంకా ఒకటి. బీపీ చూసేచోట నిలబడి 'మీ వైరల్ లోడ్ టెస్టు చేయించారా' అని గట్టిగా అడగకండి.

డ్యూటీ_సిస్టర్

చాలా థ్యాంక్సండీ. ఫైలు రంగు, సంచి, రెండూ రాసుకున్నాను. ఈ చివరి మాట మా అందరికీ అవసరమే. హాల్లో గొంతు తగ్గించి మాట్లాడటం మాకు అలవాటు లేదు.

అడ్డు_ప్రశ్న

రోజూ_ఒకటి గారూ, మీ మాట చదివాక నా అభిప్రాయం కొంచెం కదిలింది, ఒప్పుకుంటున్నా. కానీ అందరూ మీలా అనుకోరు. వేరే గది ఉన్నప్పుడు అక్కడున్నవాళ్లందరూ ఒకే బాధ ఉన్నవాళ్లు, ఆ ధైర్యమే వేరని నాతో చెప్పినవాళ్లున్నారు. కౌన్సెలరు దగ్గర మనసు విప్పి మాట్లాడేవాళ్లు. అది పోగొట్టి, బీపీ వాళ్ల మధ్య కూర్చోబెడితే బయటపడతామన్న భయం పెరిగేవాళ్లూ ఉంటారు. దానికేం చేస్తారు?

రోజూ_ఒకటి

నిజమే. నాకు కొత్తలో ఆ తోడు చాలా అవసరమైంది. కొత్తగా తెలిసినవాళ్లకి వేరే సమయం ఇవ్వండి, మూసిన తలుపు వెనక. మాత్రలు అలవాటై, వైరల్ లోడ్ దిగినవాళ్లు కలిసే వరుసలోకి వస్తారు. ఇష్టమైతేనే. బలవంతం వద్దు.

కేప్_డాక్టర్

దీనికి ఒక ఉదాహరణ. కేప్‌టౌన్ పక్కన ఖయెలిత్షాలో 2007లో సరిహద్దుల్లేని వైద్యులు సంస్థ అడ్హెరెన్స్ క్లబ్బులు మొదలుపెట్టింది. వైరల్ లోడ్ దిగి స్థిరంగా ఉన్న పాతిక ముప్పై మంది ఒక గుంపు. రెండు నెలలకోసారి కలుస్తారు, బరువు చూస్తారు, మామూలు ప్రశ్నలు అడుగుతారు, ముందే కట్టిన మందు ప్యాకెట్టు తీసుకుని వెళ్లిపోతారు. డాక్టరు దగ్గర వరుస కట్టక్కర్లేదు. నడిపేది ఒక కార్యకర్త.

తర్వాత నైరోబీలో కిబెరా బస్తీలో ఇదే క్లబ్బుల్ని కలిపి నడిపారు. హెచ్‌ఐవీ స్థిరంగా ఉన్నవాళ్లు, బీపీ, షుగర్ అదుపులో ఉన్నవాళ్లు ఒకే క్లబ్బులో. ఎవరికి ఏముందో ఎవరూ అడగరు, చెప్పరు. గుంపు తోడూ ఉంది, గుట్టూ ఉంది. అడ్డు_ప్రశ్న గారు చెప్పిన రెండూ అక్కడ కొంతవరకు కుదిరాయి.

ఇంకా వెనక్కి వెళ్తే, కంబోడియాలో 2002లోనే సియెమ్ రీప్, టకేయో ఊళ్లలో హెచ్‌ఐవీ, షుగర్, బీపీ మూడింటికీ ఒకే దీర్ఘకాలిక జబ్బుల క్లినిక్కులు పెట్టారు. పేద దేశాల్లో ఏఆర్‌టీ అనేదే అపురూపంగా ఉన్న కాలంలో.

ఎండీ_చదువుతున్నా

మంచి చర్చ. నాదొక క్లినికల్ సందేహం. ఒకే నర్సు రెండు జబ్బులూ చూస్తే మందుల మధ్య గొడవలు ఎవరు పట్టుకుంటారు? పాత పద్ధతిలో హెచ్‌ఐవీ క్లినిక్‌కి బీపీ క్లినిక్ ఏం రాసిందో తెలియదు, అది ఇంకా ప్రమాదం అనుకోండి. కానీ కనీసం గుర్తుంచుకోవాల్సినవేంటి?

మాత్రల_లెక్క

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. ఒక్క ఫైలు ఉండటంలో అసలు లాభం ఇక్కడే ఉంది. గోడకి అతికించుకోవాల్సినవి రాస్తాను.

అన్నిటికంటే ముందు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్. టీఎల్‌డీలో ఉన్న డోలుటెగ్రావిర్ రక్తంలో మెట్‌ఫార్మిన్ స్థాయిని పెంచుతుంది. రెండూ కలిసి వాడేవాళ్లకి మెట్‌ఫార్మిన్ రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటొద్దు. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా జాగ్రత్త. చాలామంది షుగర్ డాక్టర్లు అలవాటుగా 2000 రాస్తారు, వాళ్లకి ఈ మనిషి డోలుటెగ్రావిర్ మీద ఉన్నాడని తెలియదు, ఎందుకంటే ఆయన చెప్పలేదు. ఫైళ్లు రెండైతే జరిగేది ఇదే.

తర్వాత క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టిన కొన్ని వారాల్లో క్రియాటినిన్ కాస్త పెరిగి అక్కడే ఆగుతుంది. అది కిడ్నీ చెడటం కాదు, కిడ్నీ దాన్ని బయటికి పంపే దారి ఒకటి కొంచెం మూసుకోవడం. టీఎల్‌డీలోనే ఉన్న టెనోఫోవిర్ వల్ల మాత్రం నిజంగానే కిడ్నీ దెబ్బతినొచ్చు. బీపీ, షుగర్ కూడా ఉంటే మూడు కారణాలు ఒకే చోట. పెరుగుతూ పోతుంటే, మూత్రంలో ప్రొటీన్ కనబడితే వెంటనే డాక్టరు దగ్గరికి.

మొదటి మందులు పనిచేయనప్పుడు ఇచ్చే రెండో లైను మందుల్లో చాలావాటిలో రిటోనావిర్ ఉంటుంది. దానితో కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ అసలే వద్దు, కండరాలు కరిగిపోయే ప్రమాదం. అమ్లోడిపిన్ ఇవ్వొచ్చు కానీ తక్కువ డోసుతో మొదలుపెట్టాలి, కాళ్ల వాపులు చూసుకోవాలి.

టీబీ కూడా వచ్చి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. మూర్ఛకి కార్బమజెపిన్ వాడేవాళ్లనీ వదిలేయకండి, అది డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది.

కేప్_డాక్టర్

దీనికి రెండు చేర్చాలి. బరువు. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టాక బరువు పెరగడం దక్షిణాఫ్రికాలో అడ్వాన్స్ ట్రయల్‌లో బాగా కనబడింది, ముఖ్యంగా ఆడవాళ్లలో. ఉగాండాలో ఆ మందుకి మారాక కొందరికి షుగర్ బాగా పెరిగిన కేసులు కూడా నమోదయ్యాయి. అందుకే మారే ముందు షుగర్ చూసి, మారాక మొదటి నెలల్లో దాహం, ఎక్కువగా మూత్రం గురించి అడగండి. మరో సంగతి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. వేలు గుచ్చి చూసే పరగడుపు షుగర్‌ని తీసిపారేయకండి.

రెండోది గుండె. వైరల్ లోడ్ కనబడకుండా ఉన్నా గుండెపోటు ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువే. రెప్రీవ్ అని పెద్ద ట్రయల్, 12 దేశాల్లో 7,769 మంది, 40 నుంచి 75 ఏళ్లవాళ్లు, అందరూ హెచ్‌ఐవీకి మందులు వాడుతున్నవాళ్లే. పిటవాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు ఇస్తే గుండె, రక్తనాళాల పెద్ద సమస్యలు 35 శాతం తగ్గాయని 2023లో తేలింది. ఏఆర్‌టీ క్లినిక్‌లో బీపీ చూడటం, సిగరెట్ గురించి అడగటం అదనపు పని కాదు, హెచ్‌ఐవీ పనిలో భాగమే అని దీన్ని చూశాక నాకు అనుమానం లేదు.

ఎండీ_చదువుతున్నా

అంటే హెచ్‌ఐవీ వాళ్లని బీపీ గురించి అడగడం సరే. కానీ బీపీ వాళ్లందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారా? ఆ వైపు గొడవ కాదా?

కేప్_డాక్టర్

అందరికీ ఒకే మాటగా చెప్తే గొడవ తక్కువ. ఉగాండా, కెన్యా పల్లెల్లో 2013 నుంచి సెర్చ్ అనే ట్రయల్‌లో ఆరోగ్య శిబిరాలు పెట్టి హెచ్‌ఐవీ, బీపీ, షుగర్ అన్నీ ఒక్కసారే చూశారు. హెచ్‌ఐవీ పరీక్ష కోసమని ఒక్కదానికే పిలిస్తే రాని మగవాళ్లు, బీపీ చూస్తామంటే వచ్చి అన్నీ చేయించుకున్నారు. ఇష్టం లేదంటే వదిలేయాలి, అది మాత్రం మరవకూడదు.

డేటా_డెస్క్

అసలైన పాఠం ఒకటి ఇంకా ఎవరూ అనలేదు. హెచ్‌ఐవీ కార్యక్రమం బాగా నడవడానికి మందులొక్కటే కారణం కాదు. రాకపోతే ఫోను చేసే మనిషి ఉన్నారు. మందు పనిచేస్తోందా లేదా అని చెప్పే ఒక నంబరు ఉంది, వైరల్ లోడ్. అందరికీ తెలిసిన లక్ష్యం ఉంది, 95-95-95: హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో 95 శాతానికి తమకుందని తెలియాలి, వాళ్లలో 95 శాతం మందులు వాడాలి, వాళ్లలో 95 శాతానికి వైరల్ లోడ్ దిగాలి. బీపీలో ఇవేవీ ఉండవు. మనిషి వస్తాడు, 170/100 రాస్తారు, అదే మందు మళ్లీ ఇస్తారు, పంపిస్తారు. రిజిస్టర్లో 'వచ్చారు' అని టిక్కు పడుతుంది. వచ్చారు, సరే. దిగిందా?

దక్షిణాఫ్రికాలో ప్రైమరీ కేర్ 101 అనే నర్సుల గైడ్‌కి శిక్షణ ఇచ్చి ట్రయల్ చేశారు, 2016లో వచ్చింది. బీపీ, షుగర్ అదుపులో లేనివాళ్లకి మందు పెంచడం అనుకున్నంతగా పెరగలేదు. శిక్షణ ఒక్కటే చాలదని అర్థం. మందు పెంచే అధికారం నర్సుకి ఉందా, పెంచితే ఆ మందు కిటికీలో దొరుకుతుందా, పెంచకపోతే ఎవరైనా అడుగుతారా? ఈ మూడూ ఉంటేనే చేయి కదులుతుంది.

సిస్టర్ గారూ, బీపీకి కూడా వైరల్ లోడ్ లాగా ఒకే నంబరు పెట్టుకోండి. మందులు వాడుతున్నవాళ్లలో 140/90 కంటే తక్కువ ఉన్నవాళ్లు ఎందరు, అంతే. నెలనెలా గోడ మీద రాయండి. రానివాళ్ల జాబితా హెచ్‌ఐవీకి ఎలా తీస్తారో బీపీకీ అలాగే తీసి, అదే మనిషి చేత ఫోన్లు చేయించండి.

అడ్డు_ప్రశ్న

అదే మనిషి చేత. అదే జీతానికి. ఎవరండీ ఆ మనిషి?

డేటా_డెస్క్

మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, నిజం చెప్తున్నా. చాలా దేశాల్లో ఆ ఫోన్లు చేసేవాళ్లు, కౌన్సెలర్లు, డేటా ఎంట్రీవాళ్లు దాతల డబ్బుతో పెట్టుకున్నవాళ్లు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు రాత్రికి రాత్రే ఆ ఉద్యోగాలు పోయిన క్లినిక్కులు ఎన్నో. వేరుగా నడిచే హెచ్‌ఐవీ క్లినిక్ ఎంత బలంగా కనిపించినా దాని ఊపిరి బయట ఉందని అప్పుడు అర్థమైంది. నాకు సంబంధించినంతవరకు కలపడానికి ఇదొక గట్టి కారణం. ప్రభుత్వ సొంత నర్సు, సొంత ఫార్మసీ చేతుల్లో పని ఉంటే బయటి డబ్బు ఆగినా ఏదో ఒకలా నడుస్తుంది.

అడ్డు_ప్రశ్న

లేదా రెండూ కలిసి ఆగిపోతాయి. సరే, చూద్దాం.

డ్యూటీ_సిస్టర్

ఇక్కడ చదివినవన్నీ రాసుకుని మా డాక్టరు గారితో కూర్చున్నాం. మేము అనుకున్నది చెప్తాను, తప్పులుంటే పట్టుకోండి.

ఇప్పుడే గదులు కలపం. ముందు మందుల తేదీలు కలుపుతాం. ఏఆర్‌టీకి వచ్చే రోజే బీపీ, షుగర్ మందు కూడా అన్ని నెలలకీ ఇవ్వగలిగేట్టు ఫార్మసిస్టు కొత్త లెక్కతో ఇండెంటు పెడుతున్నాడు. స్టాకు నిలిచిందని ఆయన చెప్పాకే రెండో అడుగు. ముందుగా రెండు జబ్బులూ ఉన్నవాళ్లని మాత్రమే ఒకే ఫైలులోకి తెస్తాం, వాళ్లని అడిగి. అట్టలన్నీ ఒకే రంగు. సంచులు ఒకేలా. కొత్తగా హెచ్‌ఐవీ తెలిసినవాళ్లకి కౌన్సెలరు గది అలాగే ఉంటుంది. బీపీ మిషన్లలో ఒకటి పనిచేయడం లేదు, పెద్ద కఫ్ అసలే లేదు. లావు చేతికి చిన్న కఫ్ చుడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అది వచ్చేదాకా ఆగుతాం.

హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష కూడా ఇదే రోజు పెట్టాలని నా పట్టు. వాళ్లకి ఆ ముప్పు మిగతావాళ్లకంటే ఆరు రెట్లు. ఇరవై ఐదేళ్ల నుంచే మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మా దగ్గర ఆ వయసువాళ్లలో చాలామందికి ఇంతవరకు ఒక్కసారి కూడా చేయలేదు. డాక్టరు గారు 'ముందు బీపీ కుదరనీ' అంటున్నారు. ఇంకా తేలలేదు.

కేప్_డాక్టర్

తేల్చండి, మీ పట్టు వదలకండి. ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్‌ని వెతికే హెచ్‌పీవీ పరీక్షకి నమూనా వాళ్లంతట వాళ్లే తీసుకోవచ్చు, డాక్టరు గారి టైము కూడా పెద్దగా పట్టదు. ఇంకా, దిగులు గురించి రెండు ప్రశ్నలు అడగటం మరవొద్దు. మనసు దిగులుగా ఉంటోందా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా అని. జింబాబ్వేలో ఫ్రెండ్‌షిప్ బెంచ్ అని క్లినిక్ బయట బెంచీ మీద కూర్చుని, శిక్షణ పొందిన పెద్దమ్మలే మాట్లాడతారు. వాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు చాలామంది. దిగులుగా ఉన్న మనిషి ముందు మానేసేది మాత్రలే.

రోజూ_ఒకటి

సిస్టర్ గారూ, ఒకే ఫైలులోకి వచ్చేవాళ్లని అడిగి చేస్తామన్నారు చూడండి, అది చాలా సంతోషం. ఒక్క చిన్న సందేహం. నాకు క్యాల్షియం మాత్ర రాశారు. డోలుటెగ్రావిర్‌తో వేసుకోవచ్చా? మా క్లినిక్‌లో అడిగితే ఒకరు వద్దన్నారు, ఒకరు పర్లేదన్నారు.

మాత్రల_లెక్క

ఇద్దరూ సగం సగం సరిగ్గా చెప్పారు. ఖాళీ కడుపున రెండూ కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టదు. అన్నం తింటూ వేసుకుంటే రెండూ కలిపి వేసుకోవచ్చు. లేదంటే డోలుటెగ్రావిర్ ముందు వేసుకుని రెండు గంటలాగి క్యాల్షియం. క్యాల్షియం ముందు వేసుకుంటే మాత్రం ఆరు గంటలు ఆగాలి. ఐరన్ మాత్రలకీ ఇదే. కడుపుమంటకి తాగే యాంటాసిడ్‌కి తిండితో కలిపే వెసులుబాటు లేదు, దానికి ఈ గంటల లెక్కే పాటించాలి. ఇది కూడా రాసి గోడకి అతికించమని మీ ఫార్మసిస్టుకి చెప్పండి సిస్టర్ గారూ, ఈ ప్రశ్న నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

డేటా_డెస్క్

సిస్టర్ గారూ, కలిపే ముందు ఈ నెల లెక్క ఒకటి తీసి పెట్టుకోండి. బీపీ 140/90 లోపు ఉన్నవాళ్లు, వైరల్ లోడ్ దిగినవాళ్లు, తేదీకి రానివాళ్లు. అవి లేకపోతే ఏడాది తర్వాత అడ్డు_ప్రశ్న గారు వచ్చి 'ఏం మారింది' అంటే చూపించడానికేం ఉండదు.

అడ్డు_ప్రశ్న

వస్తాను. తప్పకుండా అడుగుతాను.